పంతొమ్మిదో నంబరు ఫైలు

ఒంటిగంట నలభైకి రికార్డు గుమస్తా భోంచేసి వచ్చేసరికి, కంటి కేసుల అరలో పంతొమ్మిదో నంబరు ఫైలు లేదు. ముప్పై ఏళ్ళ నాటిది.

రెండింటికి ఆసుపత్రి సెక్యూరిటీ ఆఫీసరు వచ్చింది. ఎస్సైగా రిటైరయిన మనిషి.

"ఎవరిదా ఫైలు?"

"తెలీదు మేడమ్. ఆ ఏళ్ళ ఇండెక్సు చెదలు తినేశాయి. ఇప్పుడు నా ఉద్యోగం మీద పడ్డాయి."

"తాళం?"

"వెయ్యలేదు. గోడలకి కొట్టిన సున్నం ఆరాలని తెరిచి పెట్టాను."

పిల్లల గడ్డల కేన్సర్ల గది అది. రక్తానివి వేరే గదిలో ఉంటాయి. అరల మీద పేర్లు లేవు. ఎక్కువగా వచ్చే మెదడు గడ్డలవి చేతికందే ఎత్తులో ఉన్నాయి. వాటి కింద వరసగా నరాలవి, కిడ్నీవి, కండరాలవి, ఎముకలవి. అరుదైన కంటివి నేలకు జానెడెత్తున.

ఒంటిగంటకు తను భోజనానికి వెళ్తుంటే ఇటు వచ్చింది వార్డు నర్సు ఒక్కతేనని గుమస్తా చెప్పాడు.

"సంచీ తియ్యి," అంది ఆఫీసరు.

నర్సు సంచీ బల్ల మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, మాసిన సాక్సులు.

"ఇంకేమైనా విప్పమంటారా?"

ఆఫీసరు చెంపలు మండాయి. "ఏమనుకోకమ్మా. పొద్దున పాత ఫైళ్ళ మాట ఎవరి దగ్గరైనా వచ్చిందా?"

"మూడేళ్ళ బాబు, కంట్లో గడ్డ. ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని డాక్టరుగారు అడిగారు. లేదన్నారు తల్లీ తండ్రీ. సాయంత్రం పాత ఫైళ్ళు కూడా వెతికిస్తానన్నారు డాక్టరుగారు."

రెండు ముప్పై అయిదు. డాక్టరు గదిలో అందరూ కూర్చున్నారు. బాబు తల్లి ఒడిలో నాలుగు నెలల పాప, పక్కన తండ్రి.

"దొంగ ఏ అరా కెలకలేదు," అంది ఆఫీసరు. "పేర్లు లేకపోయినా తిన్నగా కింది అరకే వెళ్ళాడు. అది ఎవరికి తెలుసు? స్టాఫుకి. ఇంకా?"

గుమస్తా తలెత్తాడు. "నాకు ముందున్న పెద్దాయన, చెకప్‌కి వచ్చే పిల్లల చేతే వాళ్ళ ఫైలు తీయించేవాడు. కంటి పిల్లలకి అందుతుంది కదా, కిందే ఉంటుంది."

"అలా తీసిన పిల్లవాడొకడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఎడమ పక్క కనబడక, పచ్చి గోడకి భుజం రాసుకున్నాడు," అంది ఆఫీసరు.

అందరి చూపూ తండ్రి చొక్కా మీదికి వెళ్ళింది. ఎడమ భుజం తెల్లగా ఉంది.

ఆయన చొక్కా లోపలి నుంచి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. తల ఎత్తలేదు.

"బంతి తగిలి పోయిందన్నారుగా మీ ఎడమ కన్ను?" అంది భార్య.

"పెళ్ళప్పుడు అమ్మ అలా చెప్పమంది. తర్వాత నోరు రాలేదు."

"ఫొటోలో బాబు కన్ను తెల్లగా మెరుస్తోందని మొత్తుకుంటే కెమెరా తేడా అన్నారు. తెలిసే అన్నారా?"

ఆయన ఫైలుని డాక్టరు వైపు జరిపాడు.

"తండ్రికి వచ్చిందంటే పిల్లలకీ రావచ్చు," అన్నాడు డాక్టరు. "పాపని ఇప్పుడే చూడాలి."

మూడింటికి పాప కళ్ళలో చుక్కల మందు వేశారు. మూడున్నరకు పరీక్ష గదిలో దీపాలు ఆర్పారు. తలుపు దగ్గరే నిలబడిపోయిన భర్తకు ఆమె పాపను అందించింది.

"మీరే పట్టుకోండి. చూస్తూ పట్టుకోండి."

పాప ఏడుస్తోంది. ఆయన రెండు చేతులతో ఆ చిన్న తలను కదలకుండా పట్టుకున్నాడు. డాక్టరు లైటు కుడి కంట్లోకి వేశాడు. తర్వాత ఎడమ కంట్లోకి. అక్కడ చాలాసేపు ఆగాడు.

"చిన్న మచ్చ ఉంది. వైద్యం మొదలుపెడితే కన్ను నిలబెట్టొచ్చు."

"బాబు పుట్టినప్పుడే నేను చెప్పుంటే? వాడి కన్నూ..."

డాక్టరు లైటు ఆర్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.