రాతి మీది పులిమేక

"పులిమేక ఆటలో పులి ఎప్పుడు ఓడిపోద్దర్రా?"

"మేకలు చుట్టూ మూసేస్తే, మామ్మా!"

"మరి తప్పించుకోవాలంటే?"

"అవతల చోటు ఖాళీ ఉంటే మేక మీంచి దూకాలి. దూకితే మేక చచ్చిపోద్ది."

"బాగా చెప్పారు. అది గుర్తుంచుకుని వినండి."

పద్మినికి ఏటి దగ్గరి పేట పబేడాన్‌లో బుల్లియ్య గారి పాతసామాన్ల కొట్టు మేడ మీద పని. అక్కడో రాతిపలక. ఎనిమిది వందల ఏళ్ల కిందటిదట. ఇద్దరు మనుషులు కూర్చుని పులిమేక ఆడుతున్నట్టు చెక్కారు. ముఖాలు అరిగిపోయాయి, ఆట మాత్రం అరగలేదు. దాని మీద పల్చటి కాగితం పరిచి, బొగ్గు రుద్ది నకలు తీయాలి. అయిదింటికి ఏటి అవతలి దలాకు పడవ. అక్కడ ఇంట్లో తన పాపకు ఒళ్లు కాలిపోతోంది. మందు పద్మిని సంచిలో ఉంది.

మొదటి నకలులో పులి పక్కన ఒకటే మేక. మసకగా వచ్చిందని ఇంకోటి తీసింది. ఈసారి రెండు. రాయి వైపు చూసింది. రాతి మీదా రెండే.

కరెంటు పోయింది. తడి సున్నం వాసన... వెనక కిటికీ రెక్క దానంతటదే మూసుకుంది. నెట్టింది. గోడను నెట్టినట్టుంది.

మూడోసారి ఆమె రుద్దలేదు. కాగితం మీద నలుపు తనే తేలింది. మూడో మేక. పక్క తలుపు కదల్లేదు. గోడ వీపుకు తగిలింది...

మిగిలింది మెట్ల గుమ్మం. గుమ్మానికి అడ్డంగా చాప మీద కాపలా తాత కూర్మనాథం పడుకుని ఉన్నాడు. కాగితం మీద నాలుగో మేక తేలింది. అవతల మెట్లు ఖాళీ.

"లెగు తాతా!"

కళ్లు తెరవకుండానే గొణిగాడు. "దాటకమ్మా..."

"అయితే పక్కకి జరుగు!"

"జరగలేను. నా చోటు ఇదే..."

గోడ ఇంకో జానెడు తోసింది. ఊపిరాడలేదు. ఏటి వైపు నుంచి పడవ కూత.

పద్మిని కాగితం సంచిలో కుక్కి, కళ్లు మూసుకుని తాత మీంచి దూకింది.

పడవ అందింది. పాపకు మందు పట్టింది. తెల్లారేసరికి జ్వరం దిగింది. సంచిలో నకలు విప్పి చూస్తే మేకలు మూడే.

పొద్దున్నే బుల్లియ్య గారిని వెంటబెట్టుకుని మేడెక్కింది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. గుమ్మంలో చాప పరిచే ఉంది. గురక వినిపిస్తోంది.

చాప మీద మనిషి లేడు.

"తరవాత ఏటయింది మామ్మా?"

"ఆ గురక ఇప్పటికీ ఆగలేదర్రా. ఉండండి... పప్పు సగం రుబ్బి వదిలేశాను."

మామ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.