డ్యూక్ బూట్లు విప్పిన గుమ్మం

రెండో గుక్క మింగగానే డెట్లెఫ్ రోనె చేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఊట నీళ్ళు తాగే మందిరంలో పాలరాతి స్తంభాన్ని పట్టుకుని నిలబడబోయాడు, వల్ల కాలేదు. బయట తోటలో బ్యాండు వాయిస్తూనే ఉంది. గుండెపోటన్నారు. ఊట నీళ్ళకీ మట్టి వైద్యానికీ పేరుపడ్డ మా బాడ్ ఎల్లర్నావ్‌కి వచ్చేదే రోగులు కాబట్టి, ఒకరు పోతే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు.

కానీ రోనె రోగి కాదు. పశ్చిమ జర్మనీ సీక్రెట్ ఏజెంట్.

మర్నాడు బాన్ నగరంలో చీఫ్ ఎదుట రోనె స్నేహితుడు హార్ట్‌విగ్ లోరెంట్స్ నిలబడ్డాడు.

"విషం," అన్నాడు చీఫ్. "ప్రొఫెసర్ బ్రేమ్‌ని కాపాడటానికి వెళ్ళి వాడే పోయాడు. మన రాడార్ రహస్యాలు అమ్ముకుంటున్న ముఠా పేర్లన్నీ ఆ ప్రొఫెసర్ బుర్రలో ఉన్నాయి. శుక్రవారం వచ్చి చెబుతానన్నాడు."

"ఇప్పుడే తీసుకొచ్చేద్దాం సార్."

"నడుం నొప్పికి అక్కడ వైద్యం మధ్యలో ఉందట. చచ్చినా కదలనన్నాడు."

"నిజంగానే చచ్చేలా ఉన్నాడు."

"అందుకే నువ్వు వెళ్తున్నావ్. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. టూరిస్టు గైడు. డ్యూక్ బూట్లు ఎక్కడ విప్పాడని అడుగు. మట్టి గది గుమ్మం దగ్గర అంటే ఆమే."

లోరెంట్స్ మోకాలి నొప్పి రోగిగా మా ఊళ్ళో దిగాడు. చేతికర్రలో పిస్తోలు, వాచీలో ట్రాన్స్‌మిటర్.

గైడు లియొనోరా అందగత్తె. ఎర్రటి హైహీల్స్ టకటకలాడిస్తూ ముందు నడుస్తుంటే రోగులు మోకాళ్ళు మరిచిపోయి వెంటపడేవారు. రోమన్లు తవ్విన స్నానపు గుంట, రష్యన్ యువరాజులు ఆస్తులు తగలేసుకున్న కాసినో, కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే ఊట, అన్నీ చూపించింది.

"డ్యూక్ బూట్లు ఎక్కడ విప్పాడండీ?" అడిగాడు లోరెంట్స్.

"మట్టి గది గుమ్మం దగ్గర. యుద్ధాలు గెలిచిన గ్రాండ్ డ్యూక్ అండీ! బూట్లతో అడుగు పెట్టబోతే స్నానాలు చేయించే ఆవిడ చీపురు అడ్డం పెట్టింది. నోరు మూసుకుని విప్పాడు."

అందరూ నవ్వారు. ఆ సాయంత్రం లోరెంట్స్ ఆమెకి ప్రొఫెసర్ దినచర్య అంతా చెప్పేశాడు. మనవాళ్ళే కదా అనుకున్నాడు పాపం.

మర్నాడు ప్రొఫెసర్‌తో పాటు మట్టి గదిలోకి వెళ్ళాలంటే అతనూ మట్టి పూయించుకోక తప్పలేదు. స్నానాలావిడ ఫ్రౌ బోల్టె అతని కర్ర, వాచీ, బట్టలు లాక్కుని అల్మారాలో పెట్టి తాళం వేసింది. వేడివేడి నల్లమట్టి మెడదాకా పూసి, పైన దుప్పట్లు చుట్టి, పట్టీలతో బిగించింది.

"చేతులైనా బయట ఉంచమ్మా."

"ఉంచితే మట్టి చల్లారిపోతుంది. గంట కొట్టేదాకా కదలకండి, మాట్లాడకండి," అని ఆమె పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

వరసగా మంచాలు. అందరూ అలాగే మూటలై పడున్నారు. పక్క మంచం మీద ప్రొఫెసర్ కునుకు తీస్తున్నాడు. లోరెంట్స్ తల మాత్రం తిప్పగలడు.

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు, మాస్కు వేసుకున్న నర్సు, చేతిలో గ్లాసుతో వచ్చింది. తలుపు పక్కన తగిలించిన అల్మారా తాళాల గుత్తి తీసి కోటు జేబులో వేసుకుంది. లోరెంట్స్ చూపు కిందికి జారింది. ఎర్రటి హైహీల్స్!

మన మనిషి అనుకున్నామె ముఠా మనిషని, రోనె ఆమె చేతి గ్లాసు తాగే పోయాడని అప్పుడర్థమైంది.

"ప్రొఫెసర్! తాగొద్దు! అది విషం!"

"ష్‌ష్!" అన్నాయి మూటలన్నీ.

"హత్య చేస్తోందయ్యా! ఎవరైనా రండి!"

"విశ్రాంతి వేళ నాయనా, కాస్త మర్యాద నేర్చుకో," అన్నాడు ఓ ముసలాయన.

"వేడి తలకెక్కింది పాపం," అంది లియొనోరా తియ్యగా. "డాక్టర్ గారు పంపారు, నోరు తెరవండి ప్రొఫెసర్."

లోరెంట్స్ గింజుకున్నాడు. వేలు కూడా కదల్లేదు. రోనె పడిపోయినప్పుడు పక్కన లేనని ఏడ్చినవాడు, ఇప్పుడు పక్కనే ఉండి కూడా చూస్తూ పడుండాలి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేదు.

ప్రొఫెసర్ నోరు తెరిచాడు. గ్లాసు అంచు పెదవికి తగిలింది.

"అయ్యో, ఈవిడ వీధి చెప్పులతో లోపలికొచ్చింది!" అని అరిచాడు లోరెంట్స్.

గదిలో తలలన్నీ ఒక్కసారి లేచాయి.

"ఏంటీ, చెప్పులతోనా?" ప్రొఫెసర్ కూడా నోరు మూసేసి కిందికి చూశాడు.

"ఛీ ఛీ! వీధిలో గుర్రాల లద్దె తొక్కిన కాళ్ళతో!"

"ఫ్రౌ బోల్టె! ఫ్రౌ బోల్టె!"

పక్కగదిలోంచి ఫ్రౌ బోల్టె చీపురుతో ఊడిపడింది. "ఎవరే నువ్వు? గ్లాసు ఇలా ఇవ్వు. ముందు బయటికి నడు!"

గ్లాసు ఆమె చేతికి చిక్కింది. లియొనోరా పరుగందుకుంది. తడి నేల, హైహీల్స్. గుమ్మం దాకా వెళ్ళి వెల్లకిలా పడింది. లేవబోతే ఫ్రౌ బోల్టె చీపురు అడ్డం పెట్టింది.

పోలీసులు వచ్చారు. గ్లాసు, కాలు విరిగిన లియొనోరా, ఆమె జేబులోని అల్మారా తాళాలు, అన్నీ వాళ్ళ చేతికందాయి. ప్రొఫెసర్ శుక్రవారం తప్పకుండా వస్తానన్నాడు.

"అమ్మా, ఇక నన్ను విప్పండి," వేడుకున్నాడు లోరెంట్స్. "నేను ప్రభుత్వ ఏజెంట్‌ని."

ఫ్రౌ బోల్టె అతని దుప్పటి ఇంకాస్త బిగించింది. "విశ్రాంతి వేళ అరిచారు కదా. మట్టి పనిచెయ్యదు. మళ్ళీ మొదట్నుంచి పూస్తాను."