కత్తిరించిన నవ్వు

మిట్టమధ్యాహ్నం! ఆకాశమంతా కారుమబ్బులు... పట్టపగలే వీధిని మింగేసిన చీకటి... ఎక్కడో ఫెళఫెళమంటూ ఉరుము! కిటికీలు లేని ఆ ప్రదర్శనశాలలో నల్లటి తెరల నడుమ ఎత్తుపీట మీద ఒక కపాలం... దాని నేత్రకుహరాల నుంచి రక్తధారలా స్రవిస్తున్న అరుణకాంతి! అది ప్లాస్టరుతో పోతపోసిన పుర్రె, లోపల ఉన్నది చిన్న బల్బు. అయినా చూసినవాళ్ళ వెన్ను జలదరించక మానదు.

ప్రొజెక్టరు పక్కన నిలబడిన అక్కకు మాత్రం ఏమీ అనిపించలేదు. కాలుతున్న దీపపు గూటికి వేలు తగిలింది. చర్మం ఎర్రబడింది. ఆ వేలు ఎవరిదో అన్నట్టు చూసి ఊరుకుంది. చెల్లెలు పోయిన నాటి నుంచి ఆమెకు అన్నీ అలాగే ఉన్నాయి.

ఆమె ఎడిటరు. చెల్లెలి పేరు పిచ్చుక, ఆమె నటి. మరణాన్నీ, మరణానంతర లోకాన్నీ ఉన్మత్త వర్ణాల మెరుపులతో చూపించే ప్రయోగాత్మక చిత్రానికి ఇద్దరూ పనిచేశారు. దర్శకుణ్ణి యూనిట్‌లో అందరూ ‘కాలుడు’ అనేవారు. మొదట్లో వేళాకోళానికి... తరువాత భయంతో! పిచ్చుక ఆ చిత్రంలో ప్రాణం విడిచే దృశ్యం నటించింది. కొన్ని వారాల తరువాత ఆసుపత్రిలో విషజ్వరంతో నిజంగానే కన్నుమూసింది.

“మీ అమ్మాయి ప్రాణం ఆ షాట్‌లోనే నా రీలులోకి వచ్చేసిందమ్మా. ఆసుపత్రిలో పోయింది ఉత్త కట్టె” అన్నాడు కాలుడు తల్లితో. ఆమె నమ్మింది. రోజూ వచ్చి ఆ మెరుపుల ముందు జుట్టు విరబోసుకుని ఊగిపోయేది. ఇంటికి లాక్కుపోతే గోడకు తల బాదుకునేది. అన్నం మానేసింది. నిన్నటి నుంచి నీళ్ళూ ముట్టలేదు.

“ఆ షాట్ అయ్యాక అది లేచి నవ్విందమ్మా! నేను అక్కడే ఉన్నాను” అని అక్క ఎంత మొత్తుకున్నా, “నీకు దానిమీద కుళ్ళే” అని తల్లి మొహం తిప్పుకుంది.

ఆ నవ్వున్న ముక్కను కత్తిరించి తెమ్మని అక్కకు చెప్పి, ఆమె తెచ్చినదాన్ని కపాలం ముందు తానే కాల్చాడు కాలుడు. అయితే ఎడిటర్లు కత్తిరించిన ముక్కను పారేయరు. కొక్కేనికి తగిలించి దాచుకుంటారు. అతడు కాల్చింది ఖాళీ ఫిల్ము!

ఈ వేళ తల్లికి ఎదురుగా కెమెరా అమర్చాడు. చివరి రీలుకు ఆమె ఆఖరి శ్వాస కావాలట!

“ఏమ్మా, రీలెక్కించావా?”

“ఎక్కించాను సార్.”

“మొహం అలా పెట్టకు. మీ అమ్మ వెళ్ళేది కన్నకూతురి దగ్గరికేగా, పరాయిచోటికేం కాదుగా!”

“ముందు మీరు వెళ్ళి రండి సార్. దారెలా ఉందో చెబుదురుగాని.”

అతడు వికటాట్టహాసం చేశాడు. ప్రొజెక్టరు గుర్రుమంది. ఎరుపు... నలుపు... నీలం... మళ్ళీ నలుపు! అంత వేగంగా వెలిగి ఆరే కాంతికి ఎంతటి మెదడైనా తూలుతుంది. అందుకు మంత్రం అక్కర్లేదు. ఆ కాంతిని అందరికంటే ఎక్కువగా తాగినవాడు కాలుడే.

“రా! నీ తల్లిని తీసుకుపో!” అంటూ చేతులు చాచి తెరముందు నిలిచాడు.

తెరమీద పిచ్చుక నిశ్చలవదనం. తల్లి తల వాలిపోతోంది... ఇక తెరమీద చీకటి కమ్మాలి. కమ్మలేదు!

పిచ్చుక కళ్ళు తెరిచింది!

లేచింది. నాలుక బయటపెట్టి వెక్కిరించింది. నిశ్శబ్దంగా, పొట్ట పట్టుకుని నవ్వింది. అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టుకుంటూ ముందుకు... ఇంకా ముందుకు... ఆ నవ్వు కాలుడి తెల్లచొక్కా నిండా పరుచుకుంది!

“నువ్వా! నిన్ను నా చేతులతో కాల్చాను కదే! బూడిద చేశాను కదే!”

గుండెలమీద కదిలే ఆ పళ్ళను గోళ్ళతో రక్కుకుంటూ వెనక్కి తూలాడు. పీటతో సహా కూలాడు. కపాలం భళ్ళున పగిలి తెల్లటి పిండి అయింది. ఆ కేకే అతడి నోట వెలువడిన ఆఖరి మాట. వైద్యులు ఆ స్థితికి ఏదో పేరు పెట్టారు. నేటికీ ఎవరైనా నవ్వితే రెండు చేతులతో మొహం కప్పుకుంటాడు.

రీలు అయిపోయింది. తెర తెల్లగా మిగిలింది.

“దానికి ఆకలేస్తోందే...” అంది తల్లి.

“అవునమ్మా. ప్యాకప్ అయ్యాక ఇద్దరం తిన్నాం.”

“కడుపునిండా తిందా?”

“నా వాటా కూడా లాక్కుని తింది.”

తల్లి ఎండిన పెదవులు తడుపుకుంది. “కాసిని నీళ్ళియ్యి.”

అక్క గ్లాసు తెచ్చింది. అందిస్తుంటే నీళ్ళు తొణికాయి. కాలిన వేలిమీద పడ్డాయి. అబ్బా, ఎంత మంట!