మెలకువ పరీక్ష

"సార్, పండుకున్నరా?"

యశ్వంత్ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. తలకు తీగల టోపీ. ఎదురుగా నడుము మీద చేతులు పెట్టుకుని హర్షిణి. నానక్‌రామ్‌గూడలోని ఆ ల్యాబ్‌లో మెదడు మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. బీప్ వినగానే బటన్ నొక్కడం, అంతే అతని పని. అదీ చేతకాలేదు.

"సారీ అండీ. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని. కండ్లు వాటంతటవే మూతపడతాండాయి."

"మరి వలంటీర్‌గ ఎందుకొచ్చిండ్రు? రికార్డింగంత ఖరాబైంది."

"ఏదో ఒక మూల కునుకు తీసినా మిగతా మెదడు పని చేస్తాదనుకుంటి."

ఆమె నవ్వు ఆపుకుంది. "నిద్ర ఒక్క మూలకు రాదు సార్. మెలకువ తగ్గితే మెదడంత మందగిస్తది. ఇగ ఆలోచన యాడికెళ్లి వస్తది? గిటు చూడుండ్రి."

స్క్రీన్ మీద అతని మెదడు తరంగాల గీతలన్నీ పెద్ద అలలై బద్ధకంగా ఊగుతున్నాయి. ఒకచోట అన్నీ ఒక్కసారే చురుగ్గా మారాయి.

"గిది నేను పిలిచినప్పుడు."

"మీ గొంతుకా?"

"ఎవరి గొంతైనా అంతే," అంటూ ముఖం తిప్పుకుంది.

మిగిలిన పరీక్షలకు అతను ప్రతి శనివారం వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆమె కళ్ల కింద నలుపు కాస్త పెరిగినట్టే ఉండేది. థీసిస్ గడువు దగ్గర పడిందట.

ఆఖరి శనివారం బయట వాన. బీప్‌లు అయిపోయినా హర్షిణి లేవలేదు. టేబుల్ మీద తల వాల్చి నిద్రపోతోంది. తీగలతో కట్టేసినట్టున్న అతను పిలవబోయి, మానుకున్నాడు.

చాలాసేపటికి ఆమె గబుక్కున లేచింది. "అయ్యో! పిలవొచ్చు గద!"

"అంత అలసిపోయినోళ్లను ఎట్ల లేపేదండీ?"

రికార్డింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె గీతలు వెనక్కి జరిపి చూసింది. "బీప్ లేదు, పని లేదు. అయినా ఒక్క కునుకు లేదు. ఏం చేసిండ్రు?"

"మిమ్మల్ని చూస్తా కూసున్నా. ఇంక పరీక్షల్లేవు కదా, వచ్చే శనివారం ఏం వంక పెట్టుకొని రావాల్నా అని ఆలోచిస్తాంటి."

హర్షిణి టోపీ తీసి, అతని నుదుటి మీద జెల్ తుడిచింది. ఆ చేయి కాస్త ఆలస్యంగా వెనక్కి వెళ్లింది.

"వంకెందుకు? మా ఇల్లు ఈ వెనక గల్లీలనే. మా బాపును అడుగుండ్రి."

"ఏమని?"

"అది గూడ నేనే చెప్పాల్నా? జర కడుపునిండ నిద్రపోయి రాండ్రి. ఆయన అడిగేటివాటికి మెదడంత కావాలె."