ఎవరూ తాకలేదు కదరా

ఈశ్వరి పెనం మీద దిబ్బరొట్టె వేసి మూత పెట్టేలోపే వీధి తలుపు చప్పుడైంది. పాలు పోయడానికి వచ్చిన గంగులు గిన్నె కూడా అందుకోకుండా లోపలికి తొంగి చూశాడు.

"అమ్మగోరూ, మన హీరో వచ్చీసినాడేటి?"

"వచ్చేడు. ఇంకా లేవలేదు. ముందు నువ్వు పాలు పొయ్యి."

"టీవీలో సూసినానమ్మా! ఆకరి నిమిషంలో ఏం కొట్టినాడండీ గోలు!"

బొబ్బిలి బజారంతా ఆ గోలు గురించే మాట్లాడుకుంటోంది. లేకలేక పుట్టాడని ఈశ్వరి శ్రీకూర్మం స్వామి పేరు పెట్టుకున్న కొడుకు కూర్మారావు, కలకత్తాలో ఓ క్లబ్బుకి ఫార్వర్డు. తాబేలు పేరు పెట్టుకుని లేడిలా పరిగెడతాడని అక్కడి అభిమానులు నవ్వుతారట. మొన్నటి మ్యాచ్‌లో అతన్ని గోలు ముందు పడేశారని రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. కూర్మారావే కొట్టాడు. క్లబ్బు గెలిచింది. చిన్న సెలవు దొరికితే ఇంటికొచ్చాడు.

ఇంట్లో ఆనందానికి హద్దు లేదు, ఒక్క ఈశ్వరికి తప్ప. కొడుకుని తన్నేస్తారన్న భయంతో ఆమె ఎప్పుడూ మ్యాచ్ చూసేది కాదు. మొన్న మాత్రం అత్తగారు దాలమ్మ చెయ్యి పట్టి టీవీ ముందు కూర్చోబెట్టింది. చూసిన దగ్గర్నుంచి ఆమె మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఈశ్వరి భర్త తిరుమలరావు స్టీలు సామాన్ల కొట్టు తొందరగా కట్టేసి వచ్చాడు.

"ఒరే, సాయంత్రం బజారోళ్ళంతా నీకు శాలువా కప్పుతారట. మంచి సొక్కా వేసుకో."

"అలాగే నాన్నా."

ఈశ్వరి పులుసు వడ్డిస్తూ ఆగింది. "ఎందుకంట శాలువా?"

"ఏటే ఆ మాట? గోలు కొట్టేడు కదా!"

ఆమె కొడుకు వైపు తిరిగింది. "ఒరే నాన్నా, నిన్ను ఎవరూ తాకలేదు కదరా."

కూర్మారావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నీకేటి తెలుసు ఫుట్‌బాలు?" అన్నాడు తిరుమలరావు. "రిఫరీ ఇచ్చేడు, అయిపోయింది."

"నాకు ఫుట్‌బాలు తెలీదండీ. వీడు తెలుసు. చిన్నప్పుడు గోడ మీంచి పడి చెయ్యి విరిగితే నోరెత్తలేదు, నేను చూసేదాకా అలా కూర్చున్నాడు. నిజంగా దెబ్బ తగిల్తే వీడు అరవడు. మొన్న అరుసుకుంటూ దొర్లేడు."

"అందరూ సేస్తారమ్మా!" కూర్మారావు గొంతు పెరిగింది. "వరసగా గోల్స్ లేవు. ఈ ఏడాది కొట్టకపోతే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టీస్తారు. నీకు అర్థం కాదు."

"కాదేమో. మరి నిన్ను పడేసేడని ఎర్రకార్డు ఇచ్చి బయటికి పంపీసిన ఆ పిల్లాడో? సొక్కాతో మొహం కప్పుకుని ఏడుసుకుంటూ పోయేడు. నేను నిన్ను సూడలేదురా, ఆడినే సూసేను. ఆడికీ ఇంటికాడ అమ్మ ఉంటాది. ఆవిడా టీవీ సూస్తాది."

దాలమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "కోడలు సెప్పింది నిజమేరా నాయినా. నాకూ అలాగే అనిపించింది. సంబరంలో నోరు మూసుకున్నాను" అంది.

కూర్మారావు కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కడుపు నిండా తిననివ్వకుండా లేపేశానే అని ఈశ్వరికి ఏడుపొచ్చింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

కాసేపటికి పెరట్లోంచి హిందీ మాటలు వినిపించాయి. ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళింది. కూర్మారావు నీళ్ళ తొట్టె గట్టు మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. సాంగా అని ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు, సారీ భాయ్ అంటున్నాడు. అవతలి నుంచి ఏదో అన్నారు. కూర్మారావు ఒక్కసారిగా పకపకా నవ్వేశాడు.

"ఏటంటన్నాడురా?"

"ఆ ఎర్రకార్డు కుర్రాడేనమ్మా, మిజోరం వాడు. ఈసారి దొరికితే నిజంగానే తన్నుతానంటన్నాడు." కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ చాపాడు. "నువ్వే ఫోన్ సేయించేవని సెప్పేను. మాట్లాడతాడట."

ఈశ్వరికి హిందీ రాదు. అయినా ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"బాబూ, అన్నం తిన్నావా?"

అవతల ఆ అబ్బాయికి ఏం అర్థమైందో గాని, "అమ్మా, అమ్మా" అన్నాడు. ఆమెకి అది చాలు.

కూర్మారావు లోపలికొచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. "నాన్నా, ఆ శాలువా ఇంకో గోలుకి దాసమని సెప్పండి."

తిరుమలరావు ముఖం మాడ్చుకుని బజారుకి వెళ్ళాడు. ఏం చెప్పాడో ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కొడుక్కిష్టమైన వేడి జిలేబీ పట్టుకొచ్చాడు.

తర్వాతి మ్యాచ్ కొట్లోనే పెట్టారు. బిందెల వరసల మధ్య టీవీ, దాని ముందు సగం బజారు. ఈసారి ఈశ్వరిని ఎవరూ లాక్కురాలేదు. తనే ముందొచ్చి స్టూలు వేసుకుంది.

రెండు జట్లూ గోలు లేకుండా చివరిదాకా వచ్చాయి. అప్పుడు కూర్మారావు బంతితో దూసుకుపోయాడు. వెనకనుంచి ఒకడు చొక్కా పట్టి గట్టిగా లాగాడు.

"పడిపోరా! పడిపోరా!" అని తిరుమలరావు గొంతు చించుకున్నాడు.

కూర్మారావు తూలాడు, కానీ పడలేదు. సాగిపోయిన చొక్కాతోనే రెండడుగులు వేసి బంతిని తన్నాడు. అది వెళ్ళి గోలు స్తంభానికి తగిలింది. కొట్లో అందరూ అయ్యో అన్నారు. ఆ అరుపు ఆగకముందే బంతి వెనక్కొచ్చింది. అతని వెనకే పరిగెత్తుకొచ్చిన జట్టువాడు దాన్ని వలలోకి కొట్టేశాడు.

బజారు బజారంతా లేచి గెంతింది. ఎవడి చెయ్యో తగిలి బిందెల వరస గలగలా కూలిపోయింది. తిరుమలరావు వాటికేసి చూడనైనా చూడలేదు.

టీవీలో గోలు కొట్టినవాణ్ణే చూపిస్తున్నారు, వాడి పేరే చెబుతున్నారు. ఈశ్వరి మాత్రం తెర చివర వెతికింది. అక్కడ తన కొడుకు, సాగిపోయిన చొక్కాతో, రెండు చేతులూ చాపి, ఆ గోలు తనదే అన్నంత సంబరంగా పరిగెడుతున్నాడు. పెనాల్టీ కొట్టిన రోజు వాడి ముఖంలో ఇంత వెలుగు లేదు.

"సూసేరేటండీ?" అంది భర్త చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, ఏడుస్తూ. "నా కొడుకు పడలేదు!"