గంట మోగని మంగళవారం

ఆ అమ్మాయి తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అన్నయ్య ఉద్యోగం ఊడగొట్టినవాడెవడో చెప్పండి మేడమ్. ఆ తర్వాత వాడి సంగతి నేను చూసుకుంటాను."

"చూసుకుందురుగాని. ముందు మంచినీళ్లు తాగండి," అంది డిటెక్టివ్.

అసిస్టెంట్ నోట్‌బుక్ తీశాడు. ఆమె అన్న ఒక పరిశోధనశాలలో సర్వర్లు చూసే ఇంజనీరు. గురువారం మధ్యాహ్నం అక్కడి చలిగది మెషిన్ ఆగిపోయినా గంట మోగలేదు. పదకొండేళ్ల రక్త నమూనాలు మట్టిపాలయ్యాయి. గంట మోగించే ఏజెంటు సెట్టింగును సోమవారమే ఎవరో మార్చారు, అదీ అన్న లాగిన్‌తో. నలుగురిలో నిలబెట్టి అతన్ని బయటికి గెంటారు. ఇప్పుడు పోలీసు కేసంటున్నారు. ఆ మనిషి గోడకేసి చూస్తూ కూర్చున్నాడట.

అసిస్టెంట్ శ్రద్ధగా రాసుకున్నాడు: "ఏజెంటును ప్రశ్నించాలి."

డిటెక్టివ్ నవ్వు ఆపుకుంది. "ఏజెంటంటే మనిషి కాదయ్యా, ప్రోగ్రామ్. సర్వర్ రాసే లాగ్ ఫైలును చదువుతూ, తేడా వస్తే గంట కొడుతుంది. ఏది తేడానో మనమే చెప్పిపెట్టాలి."

చెల్లెలిని వెంటబెట్టుకుని పరిశోధనశాలకు వెళ్లిన డిటెక్టివ్ మొదట ఆ లాగ్ తెరిపించింది. చలిగది మెషిన్ ఒక్కో కబురును రెండు వరుసల్లో రాస్తుంది. మొదటిదాంట్లో గది పేరు, రెండోదాంట్లో జరిగిన తప్పు. రెండూ కలిపి చదవమని ఇంజనీరు ఏజెంటుకు చెప్పిపెట్టాడు. ఎవరో ఆ ఒక్క ముక్కా తీసేశారు. తప్పు ఏ గదిదో తెలియక ఏజెంటు నోరు మూసుకుంది.

ఆవిడ వేలు ఒకచోట ఆగింది. మంగళవారం పదకొండింటికి కూడా చలిగది ఆగిపోయిందని ఒక కబురుంది. మెషిన్ ప్రతి కబురుకూ వేసే సంఖ్య దానికి లేదు. ఆ రోజు గదికి ఏమీ కాలేదు, గంటా మోగలేదు.

"మంగళవారం మీ అన్నయ్య ఎక్కడున్నారు?"

"అమ్మ కంటి ఆపరేషన్. పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఆస్పత్రిలో నా పక్కనే ఉన్నాడు."

ఆ సర్వర్‌ను బయటినుంచి ముట్టుకోవడం కుదరదు. డిటెక్టివ్ తల ఊపి, ఇంజనీరు కాక ఆ సర్వర్ గదిలోకి వెళ్లగల ముగ్గురినీ ఒకటే ప్రశ్న అడిగింది. "గంట పనిచేస్తోందో లేదో మీరైతే ఎలా చూస్తారు?"

"నేనెందుకు చూస్తాను? ఇంజనీర్లున్నారుగా," అంది డైరెక్టర్.

"తలుపు బార్లా తీసిపెడతానమ్మా," అన్నాడు మెకానిక్. "వేడెక్కితే అదే గగ్గోలు పెడుతుంది. ఆ ముసలి మెషిన్ ఎలాగూ వారానికోసారి మొరాయిస్తుంది."

ఇంజనీరు కుర్చీలో ఇప్పుడు అతని జూనియర్ కూర్చున్నాడు. "లాగ్‌లో ఒక దొంగ కబురు చేత్తో రాస్తాం మేడమ్. ఏ సెట్టింగు మార్చినా అలా సరిచూసుకోవాలి. సీనియర్ గారు నేర్పించారు."

"బాగా నేర్పించారు," అందావిడ.

శనివారం పదింటికి అందరూ హాల్లో చేరారు. చెల్లెలు అన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"సెట్టింగు మార్చినవాడికి ఒక బెంగ," అని మొదలుపెట్టింది డిటెక్టివ్. "గంట నిజంగానే మోగకుండా ఉంటుందా? మంగళవారం దొంగ కబురు రాసి చూశాడు. మోగలేదు. ఇక మెషిన్ మొరాయించేదాకా కాచుకోవడమే. మెకానిక్ అయితే తలుపు తీసేవాడు. డైరెక్టర్ గారికి చూడటమే తెలియదు. రాసి చూసే అలవాటు ఇక్కడ ఇద్దరికే ఉంది. అందులో ఒకరు ఆస్పత్రిలో ఉన్నారు. లాగిన్ అంటారా, పక్క కుర్చీవాడికి పాస్‌వర్డ్ తెలియడం ఎంతసేపు?"

జూనియర్ దిగ్గున లేచాడు.

"అవును, నేనే! రెండేళ్ల కిందట ఒక్కసారి సరిచూడలేదని ఈయన ఏమన్నాడో తెలుసా? 'నీకీ పని దండగ, పోయి గేటు దగ్గర కూర్చో' అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఈయన్నీ అలాగే అందరి ముందూ నిలబెట్టాలనుకున్నాను. నిలబెట్టాను!"

ఇంజనీరు అతనివంక తెల్లబోయి చూశాడు. "నేనా? అలా అన్నానా? నాకు గుర్తే లేదే."

జూనియర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "గుర్తులేదా?" అని అడిగాడు. మళ్లీ అదే అడిగాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్తున్నప్పుడు కూడా వెనక్కి తిరిగి అదే అడిగాడు.

మెట్లు దిగుతుండగా చెల్లెలు ఆగింది. వెనకే వస్తున్న అసిస్టెంట్ కూడా ఆగిపోయాడు.

"అన్నయ్యా, నిజంగానే గుర్తులేదా?"

"లేకేం?" అన్నాడు అన్న. "ఆ రోజు వాడు వేసుకున్న చొక్కా రంగుతో సహా గుర్తుంది."