వెండెల్ నోటికడ్డం అట్ట

శనివారం పొద్దున్నే మజ్జిగా పిండీ కొనుక్కుందామని కొట్టుకు వెళ్ళిన కొరీన్‌కి, తన కాపురం ఊరు మారబోతోందన్న సంగతి గల్లాపెట్టె దగ్గర తెలిసింది.

"ఏమ్మా కొరీన్, సామాను సర్దడం మొదలెట్టావా?" అంది గల్లా దగ్గర కూర్చునే వెర్నా.

"సామానేంటి వెర్నా?"

"అయ్యో, నీకింకా తెలీదా? కాన్సస్ నుంచి నీలం తోక విమానం ఇందాకే మన ఊళ్ళో దిగింది. మా మేనల్లుడు ఫోన్లో చూస్తూనే ఉన్నాడు. డిసెంబరు చలిలో మన పత్తి చేలు చూసిపోదామని వచ్చుంటారా? మీ ఆయన కోసమే!"

కొరీన్ నవ్వేసింది గానీ గుండె గుభేల్మంది. ఆటలు ముగిసి, ఒక కాలేజీ కోచ్‌ని ఇంకో కాలేజీ ఎగరేసుకుపోయే రోజులివి. ఏ విమానం ఎక్కడ దిగింది, ఎవరి కోసం దిగింది అని ఊరంతా ఫోన్లలో వెతుకుతూ ఉంటుంది. మొగుడి ఉద్యోగం సంగతి పెళ్ళాం కన్నా ముందు ఊరికి తెలియడం కోచ్‌ల ఇళ్ళల్లో మామూలే.

వెండెల్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి దాడి కోచ్. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఎవరు పరిగెత్తాలో, ఎవరికి విసరాలో చెప్పేవాడు. పాతికేళ్ళుగా అదే పని. గెలిస్తే జనం హెడ్ కోచ్‌ని భుజాలకెత్తుకుంటారు, ఓడితే వెండెల్‌ని తిడతారు. ఆ తిట్లన్నీ స్టేడియం మెట్ల మీద జనంలో కూర్చున్న కొరీన్ చెవిన పడేవి. పక్కవాడు తిట్టి తిట్టి అలసిపోయాక, "ఆయన మా ఆయనేనండీ, కాసిని వేరుశనగలు తీసుకోండి" అని పొట్లం చేతికివ్వడం ఆమెకి సరదా.

కానీ ఊళ్ళు మారడం సరదా కాదు. ఆఖరిసారి ఈ మిసిసిప్పి ఊరికి వచ్చినప్పుడు కూతురు జోలీన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి వెండెల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "నీ స్కూలు చదువయ్యేదాకా ఇక కదలం. ఇది నా మాట" అన్నాడు. ఆ చదువు అవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది.

కొరీన్ కొన్నవన్నీ కారులోనే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. పొయ్యి దగ్గర అత్తగారు ఓపల్ పంది మాంసం వేపుతోంది. జోలీన్ ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఆ మొహం చూడగానే దానికీ తెలిసిపోయిందని కొరీన్‌కి అర్థమైంది.

"మజ్జిగేదీ?" అంది ఓపల్.

"అత్తయ్యా, మజ్జిగ సంగతి తరవాత. ఈయనెక్కడ?"

"టైర్లు చూపించుకొస్తానని పోయాడు. ఇదిగో, వస్తున్నాడు నీ మహారాజు."

వెండెల్ లోపలికి వచ్చాడు, ముగ్గురు ఆడవాళ్ళనీ చూశాడు, బల్ల మీద కార్న్‌ఫ్లేక్స్ డబ్బా తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"టైర్లు బాగానే ఉన్నాయి," అన్నాడు డబ్బా వెనకనుంచి.

వెండెల్‌కి అదో అలవాటు. అవతలి జట్టువాళ్ళు పెదవులు చూసి ఎత్తు కనిపెట్టేస్తారని, ఆటలో ఏం చెప్పాలన్నా పెద్ద అట్ట నోటికి అడ్డం పెట్టుకుని చెబుతాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. దాచాల్సిన సంగతి ఉందంటే చేతికందింది మూతి మీదికి పోతుంది. పళ్ళెం, పేపరు, ఒకసారైతే పక్కింటివాళ్ళ పిల్లి.

"డబ్బా దించు వెండెల్," అంది కొరీన్.

"ఎందుకూ, నేను..."

"నాన్నా, నువ్వు మాటిచ్చావ్!" అని అరిచింది జోలీన్. "ఇదే బల్ల దగ్గర! వచ్చే ఏడాది మా స్కూలు బ్యాండుకి నన్ను నాయకురాలిగా ఎన్నుకున్నారు. రాత్రి ఆటలప్పుడు మొత్తం బ్యాండుకి ముందు నడిచేది నేను! నీ జట్టు కుర్రాళ్ళ చెప్పుల సైజు కూడా నీకు తెలుసు. ఈ సంగతి తెలుసా అసలు?"

"తెలుసమ్మా."

"ఊరందరికీ తెలిశాక మాకు తెలియాలా?" అంది కొరీన్. "ఆ వెర్నా నన్ను చూసి జాలిపడింది వెండెల్! ఆరు ఊళ్ళు నీ వెంట నోరెత్తకుండా వచ్చాను. చెప్పి తీసుకెళ్ళు, అంతే కదా నేనడిగింది!"

"వద్దని చెప్పేశాను," అన్నాడు వెండెల్.

జోలీన్ ఫోను దించింది.

"ఏమిట్రా వద్దంది?" అంది ఓపల్ పట్టకారు గాల్లోనే ఉంచి.

"హెడ్ కోచ్ ఉద్యోగం. వాళ్ళ విమానంలోనే కూర్చుని చెప్పాను. బాగా ఆలోచించుకో, కాసేపు ఉంటాం అన్నారు. ఆలోచించేదేం లేదు, ఇంట్లో మాటిచ్చానన్నాను. వచ్చేశాను."

గెలిచింది జోలీనే. కానీ గెలిచినట్టు ఆమెకి అనిపించలేదు. తండ్రి వైపు అలాగే చూస్తూ నిలబడింది.

"వద్దన్నావుగా. మరి ఇంకా ఆ డబ్బా ఎందుకు అడ్డం పెట్టుకున్నావ్?"

కొరీన్ వెళ్ళి డబ్బాని మెల్లగా కిందికి దించింది. వెండెల్ పెదవులు వణుకుతున్నాయి. పాతికేళ్ళు ఇంకొకళ్ళ జట్టుని గెలిపించిన మనిషి, తన జట్టు అంటూ ఒకటి చేతికొస్తే వద్దని వచ్చి, టైర్లు బాగున్నాయని చెబుతున్నాడు. ఇన్నేళ్ళూ ఆ అట్ట ఎత్తులు దాచడానికే అనుకుందామె.

"నాన్నా..." జోలీన్ ఏడుస్తూనే ఫోను తీసింది. వేళ్ళు గబగబా కదిలాయి. ఒక్కసారిగా గంతేసింది. "అమ్మా! ఇంకా పోలేదు! విమానం ఇక్కడే ఉంది!"

"పదండి," అంది కొరీన్.

"ఎక్కడికి? వద్దని చెప్పానంటే..."

"నువ్వు మాటిచ్చింది మేం కదలమని. మేం కదలం! నువ్వు కదులు. దీని చదువవగానే వస్తాం. లే!"

"వీడికి తిండి ఎవరు పెడతారే?" అంది ఓపల్ పొయ్యి కట్టేస్తూ. "నేనూ వీడి వెనకే పోతా. కాన్సస్‌లో మనుషులుంటారుగా?"

కారు రోడ్డెక్కింది. కొరీన్ ఎన్నడూ అంత జోరుగా నడపలేదు. వెనక సీట్లోంచి జోలీన్ రేడియోలో ఆట చెబుతున్నట్టు కేకలు పెడుతోంది. "ఇంకా అక్కడే! ఇంకా అక్కడే! అమ్మా, కదుల్తోందే! లేదు లేదు, ఆగింది!" ఓపల్ ఒక చేత్తో తలుపూ ఇంకో చేత్తో టోపీ పట్టుకుని, "తొక్కవే తొక్కు!" అంటోంది.

విమానాల మైదానం కంచె దగ్గర ఊరు ఊరంతా ఉంది. ట్రక్కుల మీద నిలబడి చూస్తున్నారు. "ద్రోహీ!" అని ఎవరో అరిచారు. "కోచ్, పోవద్దు!" అని ఇంకెవరో. అందరి చేతుల్లో ఫోన్లు, అన్నీ వెండెల్ మొహం మీదే.

కారు దిగిన వెండెల్ అక్కడే ఆగిపోయాడు. ఎనభైవేల మంది గోల పెడుతున్నా క్షణంలో ఎత్తు చెప్పే మనిషికి అడుగు పడటం లేదు.

కొరీన్ కారులోంచి చేతికందిన పిండి పొట్లం తీసి మూతికి అడ్డం పెట్టుకుంది.

"ఇన్నేళ్ళూ ఎత్తులు నువ్వేశావ్. ఇది నాది," అంది అతనికి మాత్రమే వినబడేలా. "నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు, మాకది చాలు. ఇక వెళ్ళు. అక్కడ ఓడావనుకో, మెట్ల మీంచి నిన్ను తిట్టే మొదటి మనిషిని నేనే."

అతను నవ్వాడు, నవ్వుతుంటేనే కళ్ళు నిండాయి. తల్లి నెత్తిన ముద్దు పెట్టుకుని, కూతుర్ని గట్టిగా పొదువుకుని, గేటు దాటి విమానం వైపు పరుగందుకున్నాడు.

విమానం మెట్ల మీద వెనక్కి తిరిగాడు. అలవాటుగా టోపీ తీసి మూతి దాకా తెచ్చాడు. ఒక్క క్షణం ఆగి, దించేశాడు.

"జోలీన్!" గొంతు చించుకుని అరిచాడు. "నువ్వు బ్యాండు ముందు నడిచే మొదటి రాత్రి నేనిక్కడుంటాను! నా జట్టు ఎక్కడన్నా ఉండనీ, నేనిక్కడుంటా!"

కంచె దగ్గర ఫోన్లన్నీ జోలీన్ వైపు తిరిగాయి. అంత మందిలో కొట్టు ఏప్రన్ విప్పకుండానే వచ్చేసిన వెర్నా గొంతు లేచింది.

"విన్నాం కోచ్! ఊరంతా విన్నాం! రాకపోయావో, ఆ విమానాన్ని పట్టినట్టే నిన్నూ పట్టుకుంటాం!"

జనం గొల్లున నవ్వారు. జోలీన్ పక్కనున్న ట్రక్కు వెనక ఎక్కి రెండు చేతులూ పైకెత్తింది, బ్యాండు ముందు నిలబడినట్టే. చేయి ఊపింది. ఒక ట్రక్కు హారన్ మోగింది, తరవాత ఇంకోటి, తరవాత అన్నీ కలిసి ఆమె చేతి లెక్కకి మోగాయి. ద్రోహి అని అరిచినవాడు కూడా హారన్ మీదే చేయి పెట్టాడు.

విమానం పైకి లేచింది. "ఇక మజ్జిగ తీసుకుని ఇంటికి పదవే, నేనూ కాన్సస్‌కి సామాను సర్దుకోవాలి," అంది ఓపల్.

కొరీన్ తలూపింది. పిండి పొట్లం మాత్రం మూతి మీంచి దించలేదు.